దొరల తోట గడ్డి

"ఆ పాలు నాకొద్దని చెప్పినానా లేదా?" అంటూ నాగరత్నమ్మ కాఫీ లోటాను వేలికొసలతో అవతలికి నెట్టింది.

"నిన్న పాలు లేకుండానే ఇస్తిని కదత్తా. కషాయం పోసినావని వీధంతా చెప్పుకుంటివి" అంది పంకజాక్షి, పొయ్యిలో కట్టె ఎగదోస్తూ.

"కషాయాన్ని కషాయం అనక ఏమనేది? అయినా సమాధుల మీద గడ్డి తిన్న ఆవు పాలకన్నా అదే మేలు. పోయిన శనివారం ఆ పాలతోనే స్వామికి పరమాన్నం పెడితిని. రేపు పైకి పోయినాక ఆయనకేం జవాబు చెప్పేది?"

"స్వామి ఏమీ అనలేదు కదత్తా."

"ఆయన ఎప్పుడన్నా నోరు తెరిచినాడా ఏమన్నా?"

వసారాలో కూర్చుని పేపరు చదువుతున్న దేవరాజులు తల ఎత్తకుండానే అందుకున్నాడు. "స్వామి అనకపోతే ఏం, ఊరంతా అంటాంది. పలమనేరులో ఇన్ని కొంపలుంటే, దేవరాజులు పెండ్లామే దొరికిందా దొరల సమాధులకు కాపలా అని నా మొగం మీదే నగుతుండారు. ఇంక చాలించు. గురువారం ఆ మద్రాసాయన వస్తాడు గదా, తాళంచెవి ఆయన చేతిలో పెట్టి దండం పెట్టి వచ్చెయ్. మనకేంటికీ తలనొప్పి?"

పంకజాక్షి అత్త నెట్టేసిన లోటాను తీసి పక్కన పెట్టింది. తోటలో మొదటిసారి గులాబీలు పూసి, పక్క ఊరి నుంచి కూడా జనం చూడడానికి వచ్చినప్పుడు అది 'నీ తోట'. తలనొప్పి వచ్చేసరికి 'మన'దయింది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆ 'మన' ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో ఆమెకు బాగా తెలుసు. తాళంచెవి బొడ్డులో దోపుకొని ఉంది. చల్లగా తగిలింది. ఇవ్వను, అనుకుంది మనసులో. ఎలా ఇవ్వకుండా ఉంటుందో మాత్రం ఆమెకింకా తెలియదు.

ఊరికి పడమటగా, మిట్ట మీద ఉంది ఆ తోట. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పలమనేరు చల్లదనానికని జబ్బుపడిన తెల్ల సిపాయిలను తెచ్చి అక్కడ గుడారాల్లో పెట్టేవాళ్ళట. కోలుకున్నవాళ్ళు కోలుకొని వెళ్ళారు. కోలుకోనివాళ్ళు ఆ మిట్ట మీదే ఉండిపోయారు. యుద్ధం అయింది, గుడారాలు పోయాయి, దొరతనమే పోయింది. రెండు వరుసల రాళ్ళు మాత్రం మిగిలాయి. ఎక్కడో సముద్రాల అవతల ఒక ఆఫీసు, దాని కింద మద్రాసులో మరో చిన్న ఆఫీసు, ఆ రాళ్ళ మీద పేర్లు చెరిగిపోకుండా, చుట్టూ ముళ్ళు మొలవకుండా ఏటా ఇంత అని ఖర్చుపెడుతున్నాయి. ఆ సంగతి ఊళ్ళో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు నమ్మరు.

మిషన్ స్కూల్లో పంతులమ్మగా చేసిన నిర్మలమ్మ చాలా ఏళ్ళు ఆ తోటను చూసుకుంది. రిటైరై కొడుకు దగ్గరికి పుత్తూరు వెళ్ళిపోతూ, ఒకప్పుడు తన దగ్గర చదువుకున్న పంకజాక్షిని పిలిచింది. "నీకు ఇంగ్లీషు చదవను వచ్చు. నీ పెరట్లో కట్టె గుచ్చినా పూస్తాది. నువ్వే సూసుకో" అని తాళంచెవి చేతిలో పెట్టింది. తర్వాత మద్రాసు నుంచి ఉత్తరం వచ్చింది, గౌరవ పర్యవేక్షకురాలిగా నియమించామని. ఆ రోజు ఇంట్లో పెద్ద నవ్వులాట అయింది. "గౌరవ అంటే ఏంది? జీతం లేనిదనా?" అన్నాడు దేవరాజులు. "ఇంట్లో సేసేదీ అదే గదా! ఇంకొకటి ఎక్కువైతే ఏం, పోయి రా, గాలైనా మారుతుంది." అందరూ నవ్వారు. పంకజాక్షి కూడా నవ్వింది. గిన్నెలు తోముతుంటే ఆ మాట మళ్ళీ చెవిలో మోగింది. ఈసారి అంత నవ్వు రాలేదు.

కానీ తోటలో అడుగుపెట్టిన మొదటి రోజే ఆమెకు ఒక విచిత్రం తెలిసింది. అక్కడ ఎవరూ ఆమెను పిలవరు. నీళ్ళు తెమ్మని, చొక్కా ఎక్కడని, ఉప్పు తక్కువైందని, ఎవరూ అనరు. వాళ్ళంతా పడుకొని ఉన్నారు, పాపం, ఇరవయ్యేళ్ళవాళ్ళు, ఇరవై రెండేళ్ళవాళ్ళు. తన చిన్న తమ్ముడి వయసు కూడా లేనివాళ్ళు. మెత్తటి కుంచెతో రాళ్ళు తుడుస్తుంటే ఆమె మనసులో ఎన్నడూ పూర్తికాని ఆలోచనలు మెల్లగా పూర్తవుతూ వచ్చాయి. ఒక రాయి మీద వాళ్ళమ్మ రాయించిన మాటలున్నాయి. నీ కుర్చీ నీ కోసం అలాగే ఉంది నాయనా, అని పంకజాక్షి వాటిని తెలుగులోకి మార్చుకుంది. ఆ తల్లి ఎన్నడూ ఈ మిట్ట ఎక్కలేదు, ఇక ఎక్కదు. ఆమెకు బదులు నేను తుడుస్తున్నాను, అనుకుంటే చేతికి కొత్త బలం వచ్చేది. ఇంకొకటి కూడా ఆమెకు నచ్చింది. పెద్ద ఆఫీసరైనా, మామూలు సిపాయైనా రాయి ఒకటే ఎత్తు. తన ఇంట్లో కంచాలు కూడా ఒకే ఎత్తున లేవు. మగవాళ్ళది అంచు కంచం, అత్తది వెండి గిన్నె, తనది ఏది మిగిలితే అది.

తోటలో పెద్ద చిక్కు గడ్డిది. రెండు వానలు పడితే చాలు, మోకాలెత్తు లేస్తుంది. అంతకు ముందు కూలివాళ్ళు ఏడాదికి రెండుసార్లు వచ్చి కోసి, కుప్పపోసి తగలబెట్టి పోయేవాళ్ళు. మధ్య నెలల్లో పాములు తిరిగేవి. మద్రాసువాళ్ళు ఒకసారి చేత్తో తోస్తూ గడ్డి కోసే యంత్రం పంపారు. అది పలమనేరు గడ్డిని చూసి మొదటి గజంలోనే మొండికేసింది. ఇప్పుడు దేవరాజులు దాణా అంగడి గోడౌనులో ఖాళీ గోతాలు ఆరేసుకోవడానికి పనికొస్తోంది.

ఒక రోజు గోడ మీది నుంచి ఒక తల కనబడింది. చంకలో కొడవలి, నెత్తి మీద చుట్టిన గుడ్డ. పాలమ్ముకునే కుప్పమ్మ.

"అమ్మా, ఇంత గడ్డిని ఏం సేస్తావు?"

"కోయించి కాల్పిస్తాం."

"కాలుస్తావా!" కుప్పమ్మ గుండె మీద చేయి వేసుకుంది. "బంగారం కాల్సినట్టు కాలుస్తావా? నా ఆవును ఒకసారి వచ్చి సూడు తల్లీ, పక్కటెముకలు లెక్కబెట్టొచ్చు."

అలా మొదలైంది. ఒక్కొక్క ఆవు పెట్టుకొని బతికే ఆడవాళ్ళు వంతులేసుకొని, రోజుకొకరు తమ మడి కోసుకుపోతారు. మోపు కట్టుకుపోయే ముందు తమ వరుసలో పూలచెట్లకు నీళ్ళు పోస్తారు. పైన పైన కోస్తారు, మళ్ళీ చిగురించాలి కదా. ఆరు నెలల్లో తోట పచ్చటి చాప పరిచినట్టు అయిపోయింది. గడ్డి కూలి ఇక అక్కరలేదని పంకజాక్షి మద్రాసుకు రాసింది కూడా.

అంతా బాగానే ఉండేది, ఎవరో ఒక మాట అనకపోతే. 'సమాధుల గడ్డి తిన్న ఆవు పాలు ఎట్ల తాగేది?' ఆ మాట బస్టాండు దగ్గర హోటలుకు చేరింది. హోటలాయన కుప్పమ్మ పాలు వెనక్కి పంపాడు. పెళ్ళివాళ్ళు వద్దన్నారు. చివరికి ఇదిగో, ఈ వంటింటికి, ఈ లోటాలోకి వచ్చింది.

"అమ్మా, పాలు!" అని పెరటి తలుపు దగ్గర కుప్పమ్మ కేక వినబడింది.

"నాకొద్దు, తీసకపో!" అంది నాగరత్నమ్మ లోపలి నుంచి.

కుప్పమ్మ పోలేదు. పాలచెంబు దించి గడప బయటే చతికిలబడింది. "వద్దంటే మానె. ఎందుకొద్దో సెప్పు అవ్వా. నీళ్ళు కలిపినానా?"

"నీళ్ళు కలిపినా తాగుదును. పీనుగుల గడ్డి మేపితివి గదే!"

"పీనుగులు యాడుండాయవ్వా? ముప్పై ఏండ్లాయె, మట్టి అయిపాయె." కుప్పమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆ గడ్డి కోసమే నేను ఆడికి పోతాననుకుంటివా? పోతా, లేదనను. కానీ ఇంకొకటి కూడా ఉండాది. మా నాయన పటాలంలో చేరి బర్మాకు పాయె. నేను పాలు తాగే బిడ్డను. పోయినోడు మళ్ళీ రాలే. యాడ పడినాడో, కాల్సినారో పూడ్సినారో ఎవురికీ తెల్దు. నేను ఈడ ఆ పిల్లోళ్ళకు గడ్డి కోస్తే, ఆడ ఎవురో నా మాదిరి ఆడది మా నాయన కాడ గడ్డి కోయకపోతుందా అనుకుంటా. పిచ్చిదాన్ని, అట్ల అనుకుంటే నాకు బాగుంటాది."

నాగరత్నమ్మ ముక్కు ఎగబీల్చింది.

"మీ నాయన పేరేందే?"

"పెంచలయ్య."

"ఊఁ." ఆమె చాలాసేపు ఏదో లెక్క చూసుకుంటున్నట్టు పైకప్పు వైపు చూసింది. "అయినా ఈ భూమ్మీద ఎవుర్నీ పూడ్సని జాగా యాడుండాదిలే. మన చేన్లో పండే వడ్ల కింద ఎందరుండారో! పంకజా, ఆ పాలు కాచి కాఫీ కలుపు. చక్కెర ఒక చెంచా ఎక్కువెయ్యి, మూడు పొద్దుల బాకీ."

వసారాలో పేపరు టపటపలాడింది. "నీకేమో అట్ల అయిపాయె. ఊరికెవురు చెప్పేది?"

"ఊరిదేముంది సామీ" అంది కుప్పమ్మ లేస్తూ, గొంతు పెంచకుండానే. "ఆ మాట మొదట పుట్టింది మీ అంగట్లోనే గదా. గడ్డి దొరికినాక మేము మీ కాడ ఎండుగడ్డి మోపులు కొనేది మానితిమి. 'ఆ సమాధుల గడ్డి మేపితే పాలెవురు తాగుతారు' అని మీరే అంటిరంట. హోటలాయన ఆడనే నిలబడి ఉండె."

పేపరు చప్పుడు ఆగిపోయింది. పంకజాక్షి పాలగిన్నె పొయ్యి మీద పెట్టింది. కోపం రావలసింది, వచ్చింది కూడా, కానీ దాని వెనకే నవ్వు తోసుకొచ్చింది. అంగట్లో ఎండుగడ్డి అమ్ముడుపోలేదని మొగుడు ఒక మాట అంటే, ఆ మాట ఊరంతా తిరిగి, దేవుణ్ణి కూడా ఇబ్బందిపెట్టి, సొంత తల్లికి మూడు రోజులు కషాయం తాగించింది! కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఆమె నవ్వుతుంటే, పెరట్లో పళ్ళు తోముకుంటున్న కూతురు అలివేలు వచ్చి, "ఏందమ్మా?" అని, సంగతి విని, తానూ పగలబడి నవ్వింది.

దేవరాజులు ఆ పూట టిఫిను తినకుండానే అంగడికి వెళ్ళాడు. పోతూ పోతూ, "ఏమైనా గురువారం తాళం ఇచ్చేసేది ఇచ్చేసేదే" అన్నాడు. మాటలో మునుపటి బిగువు లేదు, కానీ ఆయన అన్న మాట వెనక్కి తీసుకొనే మనిషి కాదు.

గురువారం పదింటి బస్సుకు మద్రాసు నుంచి రాజారత్నం దిగాడు. సన్నటి పెద్దమనిషి, కళ్ళద్దాలు, చేతిలో గొడుగు. తెలుగు మాట్లాడతాడు, మధ్యమధ్య అరవం దొర్లుతుంది. తాళం ఇచ్చేయడం కళ్ళారా చూడాలని కాబోలు, దేవరాజులు కూడా ఇస్త్రీ పంచె కట్టుకొని తోటకు వచ్చాడు.

రాజారత్నం గేటు దగ్గరే నిలబడిపోయాడు. వరుసల మధ్యన పచ్చిక, రాళ్ళ పాదాల దగ్గర బంతిపూలు, గోడ పక్కన గులాబీలు. ఒక మూల ఇద్దరు ఆడవాళ్ళు వంగి గడ్డి కోస్తున్నారు.

"అయ్యయ్యో, ఎన్నమ్మా ఇది!" అన్నాడు. "నేను ఏడు జిల్లాలు తిరుగుతాను. ఇట్లాంటిది చూడలేదు. గడ్డి కూలి వద్దని రాస్తే, తోట బీడు పెట్టేసినారేమో అని భయపడి వచ్చినాను."

పంకజాక్షి వంతుల సంగతి చెప్పింది. హోటలు సంగతి, కాఫీ సంగతి కూడా చెప్పింది. ఎవరి అంగట్లో పుట్టిందో మాత్రం చెప్పలేదు. రాజారత్నం కళ్ళద్దాలు తీసి తుడుచుకునేంతగా నవ్వాడు. తర్వాత ఆమె కుప్పమ్మ తండ్రి సంగతి అడిగింది. బర్మాలో పోయినవాళ్ళను ఎవరైనా చూసుకుంటున్నారా?

"చూసుకోకుండా ఎట్లమ్మా? రంగూన్ దగ్గర పెద్ద స్మారకం ఉంది. సమాధి దొరకనివాళ్ళ పేర్లు, దహనం చేసినవాళ్ళ పేర్లు, మనవాళ్ళవి ఎన్నో రాళ్ళ మీద చెక్కి ఉన్నాయి. ఈ ఖర్చు ఒక్క తెల్లవాళ్ళదే అనుకుంటారు అందరూ. కాదు. ఎవరి మనుషులు ఎందరు పోయినారో ఆ లెక్కన దేశాలన్నీ తలా ఇంత వేసుకుంటాయి. మన దేశం కూడా వేస్తుంది. అక్కడ గడ్డి కోసేవాళ్ళకు, ఇక్కడ కోసేవాళ్ళకు అన్నం పెట్టే చేయి ఒకటే. పెంచలయ్య పేరు వెతికించి రాస్తాను."

"ఇక్కడ కోసేవాళ్ళకు ఎవరూ ఏమీ పెట్టలేదు సార్" అంది పంకజాక్షి. అనేశాక తనే ఉలిక్కిపడింది. కూలి మిగిల్చానని మురిసిపోయింది తానే కదా. గడ్డి ఇస్తున్నాం కదా అని ఊరికే నీళ్ళు పోయించుకుంది. ఇంట్లో తనకు అన్నం పెడుతున్నాం కదా అన్నట్టే. ముఖం వేడెక్కింది. "గడ్డి వాళ్ళు కోసుకుంటారు, అది వాళ్ళకూ మనకూ సరి. నీళ్ళు పోసినదానికి మాత్రం కూలి ఇవ్వాల. రాసుకోండి సార్."

రాజారత్నం ఆమె వైపు కొత్తగా చూసి, తలాడించాడు. "అదే మాట్లాడదామని వచ్చినాను. పై ఆఫీసువాళ్ళు ఈ జిల్లాకు జీతం ఇచ్చి ఒకరిని పెట్టమన్నారు. పలమనేరు ఒకటే కాదు. చిత్తూరులో కొన్ని, రేణిగుంట రైలు కట్ట దగ్గర కొన్ని, శ్రీకాళహస్తి దారిలో ఒంటరిగా ఒకటి. నెలకొకసారి పోయి చూసి రావాలి. మీరైతే బాగుంటుందని నా మనసు."

పంకజాక్షి నోరు తెరిచేలోగా దేవరాజులు గొంతు సవరించుకున్నాడు. "దానికేమి సార్, భేషుగ్గా చేద్దాం. నా పేరు రాసుకోండి. ఆడమనిషి, బస్సులెక్కి ఊళ్ళు తిరిగేది ఎట్ల? సంతకాలు, పై పనులు నేను చూసుకుంటా. గడ్డి యవ్వారమంటే నా చేతిలో పనే. ఈమె ఎట్లాగూ తోటలో ఉంటుంది కదా."

మొన్నటిదాకా తాళం ఇచ్చెయ్యమన్న మనిషి! పంకజాక్షి ఆయన ముఖంలోకి చూసింది. అందులో దొంగతనం లేదు, సిగ్గు కూడా లేదు. జీతం ఉన్న పనికి మగవాడి పేరుండడం ఆయనకు పొద్దు తూరుపున పొడిచినంత మామూలు సంగతి. అదే ఆమెకు ఎక్కువ వింతగా తోచింది.

రాజారత్నం గొడుగు కొనతో గడ్డిని తాకుతూ, "అమ్మా, మీరేమంటారు?" అన్నాడు.

ఎవరైనా ఆమెను ఆ ప్రశ్న అడిగి ఎన్నాళ్ళయిందో! ఏం కూర చెయ్యమంటారని ఆమె అందరినీ రోజూ అడుగుతుంది. ఆమెను మాత్రం ఎవరూ, దేని గురించీ అడగరు. జవాబు గొంతు దాకా వచ్చి నిలబడింది. ఇక్కడ, వేరే మనిషి ముందు చెబితే ఆయనకు తలవంపులుగా ఉంటుంది. వద్దు. "సాయంత్రం మీ బస్సుకు ముందే వచ్చి చెబుతాను సార్" అంది.

దేవరాజులు ఆ మాటకు తృప్తిపడి అంగడికి పోయాడు. సాయంత్రం ఆయన మామూలుకన్నా ముందే, చేతిలో మిఠాయి పొట్లంతో ఇల్లు చేరాడు. అప్పటికే గోడౌనులోని గడ్డి యంత్రానికి నూనె పెట్టించడం దాకా ఆయన పథకం సాగిపోయింది.

"అమ్మా, నీ కొడుక్కు ఉద్యోగం!" అన్నాడు నాగరత్నమ్మతో. "మద్రాసు ఆఫీసు ఉద్యోగం. ఇంక ఎవురు నగుతారో సూస్తా!"

"గడ్డి కోసేదా?" అంది ఆమె.

"కోయించేది!"

అలివేలు మిఠాయి తుంచుకుంటూ తల్లి వైపు చూసింది. పంకజాక్షి అప్పుడే వీధిలో నుంచి లోపలికి వచ్చి, చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుంటోంది. మంచి చీర కట్టుకొని ఉంది. నుదుట చెమట పట్టింది. పలమనేరు బస్టాండు నుంచి ఇంటిదాకా ఎక్కుడు దారి.

"యాడికి పోయినావు?" అన్నాడు దేవరాజులు.

"బస్టాండుకు. ఆయన బస్సు ఎక్కక ముందు కలవాలని."

"నా పేరు చెప్పినావా?"

పంకజాక్షి కొంగుతో చేతులు తుడుచుకొని వచ్చి, అందరికీ ఎదురుగా పీట వాల్చుకొని కూర్చుంది. గొంతు పెంచలేదు. రేపు ఏం కూర చేస్తానో చెప్పినంత మామూలుగా చెప్పింది.

"చెప్పలేదు. నా పేరే రాయించి సంతకం పెట్టి వచ్చినాను. జీతం నా పేరునే వస్తుంది. కుప్పమ్మావాళ్ళకు కూలి కూడా ఒప్పుకున్నాడు. నెలలో మొదటి వారం మూడు రోజులు నేను ఇంట్లో ఉండను. చిత్తూరు, రేణిగుంట చూసుకొని, శ్రీకాళహస్తి పోయి వస్తా."

దేవరాజులు నోట్లో మిఠాయి అలాగే ఉండిపోయింది. నాగరత్నమ్మ కోడలి వైపు, కొడుకు వైపు మార్చి మార్చి చూసింది. "పోనీలేరా, శ్రీకాళహస్తి పోతుందంట. నాకు ఈశ్వరుడి విభూతి తెస్తుంది" అంది చివరికి. నవ్వు ఆపుకోవడానికి అలివేలు గోడ వైపు తిరిగింది.

"అదంతా సరే" అన్నాడు ఆయన, అతికష్టం మీద మింగి. "ఆ మూడు రోజులు ఇంట్లో పని ఎవురు చేసేది?"

"మనిషిని పెట్టుకోండి" అంది పంకజాక్షి. "ఎంత జీతం ఇయ్యాలో నేను చెబుతా. ఇరవై ఆరేండ్లు చేసినదాన్ని, ఆ పని ఎంతదో ఈ ఇంట్లో నాకు తప్ప ఇంకెవురికి తెలుసు?"